సముద్ర జీవశాస్త్రం నేర్చుకోవాలంటే ఒడ్డున ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లాలో ఒక పల్లెటూరు. ఇంటర్ బైపీసీ తర్వాత నీట్‌లో సీటు రాలేదు. విశాఖపట్నంలో మేనమామగారి ఇంట్లో ఉండి బీఎస్సీ జువాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇక్కడికి వచ్చాకే సముద్రాన్ని మొదటిసారి చూశాను. అప్పటి నుంచి సముద్ర జీవశాస్త్రమే చదవాలని ఉంది. కానీ మా ల్యాబులో ఉన్నవి ఫార్మలిన్ సీసాల్లో తెల్లబడిపోయిన నమూనాలు మాత్రమే. ఫీల్డ్‌వర్క్ అంతా ఎమ్మెస్సీలోనే అని సీనియర్లు అంటున్నారు. నాకు ఈత రాదు, స్కూబా డైవింగ్ నేర్చుకునే స్తోమత లేదు. డిగ్రీలో ఉండగానే సముద్రం దగ్గర స్వయంగా పని చేసి నేర్చుకునే దారి ఉందా? ఈ చదువుకు ఉద్యోగాలు ఉండవని నాన్న భయపడుతున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: దారి ఉందమ్మా. దానికోసం ఎమ్మెస్సీ దాకా ఆగనక్కరలేదు, పడవ అక్కరలేదు, స్కూబా అంతకన్నా అక్కరలేదు. వచ్చే అమావాస్యకో పౌర్ణమికో మొదలుపెట్టవచ్చు. ఉత్తరాంధ్ర తీరంలోని ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు జువాలజీ పాఠం చెప్పినవాడిని కనుక, నా విద్యార్థులకు ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో కొంత వివరంగానే రాస్తాను.

మన కళాశాలల్లో ఫీల్డ్‌వర్క్ అనగానే ఏడాదికొకసారి బస్సు మాట్లాడుకుని వెళ్లే విహారయాత్ర గుర్తుకొస్తుంది. పొద్దున్నే వెళ్లి, నాలుగు గవ్వలు ఏరుకుని, ఫొటోలు దిగి, సాయంత్రానికి తిరిగొచ్చి రికార్డు రాసేస్తారు. ఆ రికార్డులో ఆ రోజు ఏం కనిపించిందో ఉంటుంది గాని, అదే చోటు కిందటి నెల ఎలా ఉందో, వచ్చే నెల ఎలా మారుతుందో ఉండదు. సముద్ర జీవశాస్త్రం అడిగే ప్రశ్నలు చాలావరకు ఆ మార్పు గురించే. ఒకే చోటికి, ఒకే కొలతతో మళ్లీ మళ్లీ వెళ్లడాన్ని, వెళ్లిన ప్రతిసారీ చూసింది చూసినట్టు రాసుకోవడాన్ని నేను ఫీల్డ్‌వర్క్ అంటాను. ఈ విషయంలో డిగ్రీ విద్యార్థికి ఉన్న వెసులుబాటు చాలామంది పరిశోధకులకు కూడా ఉండదు. వారి పని ప్రాజెక్టు గడువుతో ముగిసిపోతుంది. మీరు మూడు నాలుగేళ్లు ఇదే ఊరిలో, ఇదే ఒడ్డుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటారు.

మొట్టమొదట నేర్చుకోవలసింది నీటి వేళలు. నీరు ఒడ్డుకు ఎక్కడాన్ని పోటు అని, వెనక్కి తీయడాన్ని ఆటు అని పుస్తకాల్లో చదివి ఉంటారు. రేవులో చాలామంది దాన్నే పాటు అంటారు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, వాటి వేళ ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకు, పౌర్ణమికి అటూఇటూ రెండు మూడు రోజులు నీరు బాగా ఎక్కి బాగా తీస్తుంది, అష్టమి ప్రాంతంలో ఆ తేడా బాగా తగ్గిపోతుంది. గుజరాత్‌లోని కచ్ సింధుశాఖలో నీరు ఎన్నో మీటర్ల మేర వెనక్కి పోతుంది గాని, విశాఖలో పెద్ద పోటుకూ పెద్ద పాటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరే. కాబట్టి వేళ తప్పితే మనకు చూడవలసిన రాయే కనిపించదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే పట్టికల్లోను, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైటులోను పోటుపాట్ల వేళలు ముందుగానే దొరుకుతాయి. ఒక నెల వేళలను కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. తరగతులు పోను మీకు కుదిరే పాట్లు నెలకు నాలుగైదు మాత్రమే తేలతాయి, అవి చాలు.

ఇంకొక సంగతి డిగ్రీ పుస్తకాల్లో సాధారణంగా కనిపించదు. బంగాళాఖాతం మన ఒడ్డున ఏడాది పొడుగునా ఒకే మట్టంలో ఉండదు. సగటు నీటిమట్టం మార్చి ప్రాంతంలో అన్నిటికన్నా తక్కువగా, అక్టోబరు, నవంబరు నెలల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. రుతువును బట్టి గాలుల దిశ, దానితోపాటు తీరం వెంట పారే ప్రవాహం దిశ మారడం, వానాకాలం తర్వాత ఉత్తరాది నదుల మంచినీరు ఆ ప్రవాహంతో మన ఒడ్డుకు దిగిరావడం ఇందుకు ముఖ్యమైన కారణాలు. ఫిబ్రవరి, మార్చి నెలల అమావాస్య పాటుకు బయటపడే రాళ్లు కొన్ని, నవంబరులో అదే తిథికి నీటి కిందే ఉండిపోతాయి. వీలైతే మీ పనిని ఫిబ్రవరిలో మొదలుపెట్టండి, ఒడ్డు అప్పుడు ఎక్కువ కనబడుతుంది.

ఆంధ్ర తీరంలో ఎక్కువ భాగం ఇసుక, బురద, మడ అడవి. తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా వచ్చిన విశాఖ ప్రాంతంలోనే చెప్పుకోదగ్గ రాతి ఒడ్డు ఉంది. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం దగ్గర, రుషికొండ నుంచి భీమిలి వరకు అక్కడక్కడా అది కనిపిస్తుంది. వీటిలో మీ ఇంటికి దగ్గరగా, మనుషుల రాకపోకలు ఉన్న ఒక ముక్కను ఎంచుకోండి. యాభై అడుగుల ఒడ్డు చాలు. ఎక్కువ చోట్లు ఎంచుకున్న విద్యార్థులు రెండో నెలలోనే మానేయడం నేను చాలాసార్లు చూశాను.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. అర అంగుళం పీవీసీ పైపు, నాలుగు ఎల్బోలు కొని, లోపలి కొలత అటూ ఇటూ యాభై సెంటీమీటర్లు వచ్చేలా ఒక చట్రం చేసుకోండి; దీన్ని క్వాడ్రాట్ అంటారు. అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు నైలాన్ దారాలు బిగిస్తే ఇరవై ఐదు గళ్లు వస్తాయి. మీటరుకొక ముడి చొప్పున వేసిన ఇరవై మీటర్ల తాడు, ఒక స్కేలు, ఒక థర్మామీటరు, ఫోను, పెన్సిలు, అట్టకు బిగించిన కాగితాలు, ఇవి ఉంటే బయల్దేరవచ్చు. తాడును పైనున్న పొడిరాతి నుంచి నీటి అంచు దాకా పరిచి, ప్రతి ముడి దగ్గర చట్రాన్ని ఆనించి, ఏ గడిలో ఏవి ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో రాసుకుంటూ కిందికి దిగాలి. కుడివైపు పెడతారో ఎడమవైపు పెడతారో ముందే నిర్ణయించుకుని ఎప్పుడూ అదే పాటించండి. బాగా కనిపించే చోట చట్రం పెట్టాలని చెయ్యి లాగుతుంది, ఆ కోరికకు లొంగితే లెక్క పాడవుతుంది.

మొదటి ముడి దగ్గర, పెద్ద పోటుకు తుంపరలు మాత్రమే తగిలే ఎత్తులో, రాతి పగుళ్లలో ధనియపు గింజంత నత్తలు గుంపులుగా కనిపిస్తాయి. ముట్టుకోకుండా, మోకాళ్ల మీద కూర్చుని ఒకదాన్నే చూడండి. ఎండలో అది పాదంతో రాతిని పట్టుకుని ఉండదు. పెంకు అంచును ఎండిన జిగురు పొరతో రాతికి అతికించి, పాదాన్ని లోపలికి లాక్కుని తలుపు మూసుకుని ఉంటుంది. కాలే రాతికి ఒంటిని ఆనించకుండా ఉండడానికి అది చేసుకున్న ఏర్పాటు ఇది. ఇప్పుడు సీసాలో తెచ్చుకున్న సముద్రపు నీటిని నాలుగు చుక్కలు దాని మీద వేసి ఆగండి. కొంతసేపటికి పెంకు కొద్దిగా పైకి లేస్తుంది, అంచు కింద నుంచి రెండు సన్నని స్పర్శకాలు బయటికి వస్తాయి, ఆ తర్వాత అది నడక మొదలుపెడుతుంది. నత్తల వర్గమైన గాస్ట్రోపొడా లక్షణాలు పరీక్షలో రాసే ముందు దీన్ని ఒక్కసారి చూసిన విద్యార్థికి మూతను ఆపర్కులం అంటారన్న సంగతి మళ్లీ బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

ఇంకొంచెం కిందికి దిగితే బార్నకిల్‌ల పట్టీ వస్తుంది. పైన చిల్లు ఉన్న చిన్న సున్నపు గుట్టల్లా రాతి నిండా గరుకుగా ఉంటాయి. చాలామంది వీటిని నత్తల జాతి అనుకుంటారు గాని, ఇవి రొయ్యలకు, పీతలకు చుట్టాలు. తలను రాతికి అతికించుకుని జీవితమంతా అక్కడే ఉండి, కాళ్లను జల్లెడలా ఆడిస్తూ నీటిలోని ఆహారాన్ని నోటికి చేర్చుకుంటాయి. వాటి కింద రాతి ఆల్చిప్పలు, ఆ కింద ఆకుపచ్చ నాచు, గుంటల్లో పువ్వుల్లా కనిపించే అనిమోన్ జంతువులు. ఈ పట్టీలు ఇలా వరుసగా ఎందుకు ఉన్నాయన్నది మీరు ఒడ్డున నిలబడి వేసుకోవలసిన మొదటి పెద్ద ప్రశ్న. స్కాట్లండ్‌లోని ఒక దీవి ఒడ్డున జోసెఫ్ కనెల్ అనే శాస్త్రవేత్త రెండు రకాల బార్నకిల్‌ల మీద చేసిన పనిని 1961లో ప్రచురించారు. కింది పట్టీలోని జాతిని తొలగించి చూస్తే, పై పట్టీలో మాత్రమే ఉండే జాతి పిల్లలు కిందా చక్కగా బతికాయి. పైనుండే జాతిని కిందికి రాకుండా అడ్డుకున్నది నీరు కాదు, చోటు కోసం నెట్టుకునే పొరుగు జాతి. కింది జాతి పైకి పోలేకపోవడానికి మాత్రం ఎండకు ఆరిపోవడం ముఖ్య కారణం. ఆ పనికి ముఖ్యంగా కావలసివచ్చినవి ఓపిక, క్రమం తప్పని లెక్క. జీవావరణ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థి ఈనాటికీ ఆ ప్రయోగం గురించి చదువుతాడు.

లెక్క గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది విద్యార్థులతో కలిసి ఆరు నెలలు నత్తలు లెక్కపెట్టాను. డిసెంబరు నుంచి సంఖ్య పెరుగుతూ వచ్చిందని అందరం సంతోషించాం. తీరా వ్యాసం రాద్దామని కూర్చుంటే, ఏ రోజు ఎన్ని గంటలకు వెళ్లామో ఎక్కడా లేదు. కొన్ని రోజులు పాటుకు గంట ముందు, కొన్ని రోజులు గంటన్నర తర్వాత వెళ్లి ఉంటాం. పెరిగినవి నత్తలా, లేక మాకు కనిపించిన రాయా అన్నది తేల్చడానికి ఆధారమే లేకపోయింది. ఆ పిల్లల శ్రమ నా అజాగ్రత్త వల్ల వృథా అయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకని ప్రతి పేజీ పైన తేదీ, తిథి, వెళ్లిన వేళ, ఆ రోజు పాటు వేళ, నీటి ఉష్ణోగ్రత, ఎండా మబ్బా, అలల తీరు, లెక్కపెట్టిన వారి పేరు రాయనిదే చట్రం కింద పెట్టవద్దు. ఇంటికి రాగానే అదే రోజు కంప్యూటరులో గాని ఇంకో పుస్తకంలో గాని ఎక్కించండి.

రాతి మీద జారుతామన్న భయం ఉంటే, ఇసుక ఉంది. నగరవాసులంతా సాయంత్రం పూట కూర్చునే ఆ ఇసుకలోనే, రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న తడి సందుల్లో, కంటికి ఆనని జంతువుల లోకం ఒకటి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి. ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు తీరపు ఇసుకలోని ఈ జీవుల గురించి 1962లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అంటే మన దేశంలో ఈ శాఖకు పునాది వేసిన పనుల్లో ఒకటి మీరు రోజూ దాటి వెళ్లే ఇసుకలోనే జరిగింది. విశాఖలో జువాలజీ చదివే ప్రతి విద్యార్థికీ మొదటి నెలలోనే ఈ మాట చెప్పాలని నా అభిప్రాయం.

దాన్ని మీరూ చూడవచ్చు. అలలు తడిపి వెళ్లే చోట గుప్పెడు ఇసుక తీసి గాజు గ్లాసులో వేయండి. లీటరు మంచినీటిలో సుమారు 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడు హెక్సాహైడ్రేట్ కలిపిన ద్రావణాన్ని దాని మీద పోసి పది నిమిషాలు ఉంచితే, రేణువులను పట్టుకుని ఉన్న జీవులు మత్తులో పట్టు వదులుతాయి. గ్లాసును గుండ్రంగా తిప్పి, ఇసుక అడుగుకు చేరగానే పైనీటిని సన్నని నైలాన్ గుడ్డ గుండా వడపోయండి. స్క్రీన్ ప్రింటింగుకు వాడే గుడ్డల్లో బాగా సన్నని రకం ఈ పనికి సరిపోతుంది. గుడ్డ మీద మిగిలినదాన్ని సముద్రపు నీటితో పెట్రి గిన్నెలోకి కడిగి సూక్ష్మదర్శిని కింద పెడితే, మెలికలు తిరిగే దారపు పురుగులు, రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న కోపీపాడ్లు, అదృష్టం బాగుంటే ఎనిమిది పొట్టి కాళ్లతో నడిచే టార్డిగ్రేడ్ కనిపిస్తాయి. మా విద్యార్థిని ఒకామె మొదటిసారి చూసి అరగంట కుర్చీలోంచి లేవలేదు. మీ ల్యాబులోని పాత సూక్ష్మదర్శినే దీనికి చాలు.

ఇక మూడో చోటు చేపల రేవు. ఇక్కడ మీకు గురువులు మత్స్యకారులు. విశాఖ ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున బోట్ల నుంచి సరుకు దిగి వేలం జరిగే వేళకు వెళితే, ఒక్క గంటలో చూసే జాతులు పుస్తకంలో ఏడాదంతా చూసేవాటికన్నా ఎక్కువ. వంజరం, చందువా, కవ్వళ్లు, నెత్తళ్లు, సావళ్లు, టేకు, జెల్ల, సొర పేర్లు ముందు వారి నోట వినండి, తర్వాత శాస్త్రీయ నామం వెతకండి. ఈ క్రమం మర్యాద కోసం చెబుతున్నది కాదు, శాస్త్రం నడిచిన దారే అది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780ల్లో విశాఖపట్నంలో ఉండి, ఇక్కడి చేపలను సేకరించి, బొమ్మలు గీయించి, స్థానికులు చెప్పిన పేర్లతో సహా రాసుకున్నాడు. ఆ రెండు వందల చేపల గ్రంథం 1803లో లండన్‌లో అచ్చయింది. అందులో ఉన్న మన కానాగుర్త పేరునే 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే శాస్త్రీయ నామంలోకి తీసుకున్నాడు. ప్రపంచమంతా ఈనాడు ఆ చేపను రాస్ట్రెల్లిజర్ కానాగుర్తా అనే అంటుంది. మన సంతల్లో కానాగంతలు, కానగడతలు అని అమ్మేది దాన్నే. విశాఖ రేవులో వలలాగిన వారు పలికిన తెలుగు మాట రెండు వందల ఏళ్లుగా ప్రపంచపు చేపల పట్టికల్లో ఉంది.

ఆ చేపతోనే మీరు పని మొదలుపెట్టవచ్చు. కిలో కొని ఇంటికి తెచ్చి, కూరకు ముందు గంటసేపు మీ అత్తయ్యగారిని అడిగి తీసుకోండి. నోరు బాగా తెరిచి లోపలికి చూస్తే మొప్పల కమానుల మీద పొడుగాటి ముళ్లు ఈకల్లా వరుసగా కనిపిస్తాయి. మనిషి పళ్లెంలో ఇంత సాధారణమైన ఈ చేప నీటిని వడగట్టి ప్లవకాలను, అంటే నీటిలో తేలే చిన్న జీవులను తింటుందన్న సంగతి ఆ జల్లెడే చెబుతుంది. పక్కనే సావళ్లలో ఒకదాని నోరు తెరిచి కోరపళ్లు చూడండి, తేడా అర్థమవుతుంది. తర్వాత ఒక్కొక్క చేప పొడవు, బరువు, ఆడా మగా, గుడ్ల సంచి ఏ దశలో ఉందో రాయండి. పొడవు రెట్టింపయితే బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. మీ లెక్కలో అంతకన్నా తగ్గిందా పెరిగిందా అన్నది చేప పుష్టిని గురించి చెబుతుంది. నెలకొక కిలో చొప్పున ఏడాది పాటు చేస్తే మీ దగ్గర ఒక చిన్న పరిశోధన పత్రానికి సరిపడా సమాచారం ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో యంత్రాల బోట్లకు వేట నిషేధం కనుక ఆ రెండు నెలల ఖాళీని ముందే లెక్కలో వేసుకోండి. తెప్పల మీద తెచ్చిన చేప ఆ రోజుల్లోనూ కొంత దొరుకుతుంది.

రేవులో నడుచుకునే తీరు కూడా చదువులో భాగమే. వేలం జరుగుతున్నప్పుడు ప్రశ్నలు అడగకూడదు, అది వారి కూడు. సందడి తగ్గాక, బుట్టల దగ్గర కూర్చున్న మత్స్యకార మహిళలను అమ్మా, అక్కా అని పలకరించి అడగండి. ఏ చేప ఏ నెలలో గుడ్డుతో ఉంటుందో, ఏది కొన్నేళ్లుగా తగ్గిపోయిందో వారికి తెలిసినంత మనకు తెలియదు. మీరు రాసుకున్నదాన్ని తర్వాత తీసుకెళ్లి వారికి చూపించండి. పేర్లు తప్పు రాస్తే దిద్దుతారు.

చట్టం సంగతి తెలియక చేతులారా ఇబ్బంది తెచ్చుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సముద్రపు తాబేళ్లకు, పగడాలకు, సముద్ర గుర్రాలకు, సముద్ర దోసకాయలకు, తిమింగలపు సొరకు, మరికొన్ని జాతులకు రక్షణ ఇస్తుంది. అవి వలలో చచ్చి కనిపించినా ఇంటికి తేకూడదు. మిగతావాటి విషయంలోనూ నా నియమం ఒకటే: ఫొటోతో పని జరిగితే ప్రాణిని తీయవద్దు, తిప్పిన రాయిని తిప్పినట్టే మళ్లీ పెట్టండి. గుర్తుపట్టడానికి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో ఫొటో పెట్టవచ్చు, చేపలకైతే ఫిష్‌బేస్ అనే వెబ్‌సైటు ఉంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ వారు విశాఖ తీరంలో గుడ్లను సేకరించి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించే పనికి స్వచ్ఛంద సేవకులను చేర్చుకుంటే, మీ కళాశాల ద్వారా అడిగి వారి వెంట వెళ్లండి. సొంతంగా రాత్రి వేళ టార్చి వేసుకుని వెతకడం వద్దు, వెలుగుకు తాబేలు వెనక్కి తిరిగిపోతుంది.

భద్రత గురించి మీ మామయ్యగారికి కూడా చదివి వినిపించండి. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లవద్దు. ఇద్దరు, వీలైతే ముగ్గురు ఉండాలి, ఒకరి పని అలలను చూడడమే. నీటికి వీపు పెట్టి వంగకూడదు. పాటుకు గంటన్నర ముందు మొదలుపెట్టి, నీరు మళ్లీ ఎక్కడం మొదలవగానే ఆపేయాలి, పని మిగిలినా సరే. చెప్పులు కాదు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, రాతి ఆల్చిప్ప అంచు బ్లేడులా కోస్తుంది. టేకు తోకలో, జెల్ల రెక్కల్లో విషపు ముళ్లుంటాయి, చచ్చిన చేపవైనా గుచ్చుకుంటాయి. విశాఖ బీచిలలో లోపలికి లాగే ప్రవాహాల వల్ల ఏటా ప్రాణాలు పోతున్నాయి, కాబట్టి మోకాలు దాటి నీటిలోకి దిగే పని ఏదీ మీకు ఇప్పుడు లేదు. ఈత మాత్రం నేర్చుకోండి, తొందరేమీ లేదు, డిగ్రీ అయ్యేలోపు నగరంలోని ఈత కొలనులో చాలు. రేపు పరిశోధన నౌక ఎక్కే రోజున అది పనికొస్తుంది. స్కూబా సంగతి ఏ ప్రాజెక్టుకైనా నిజంగా అవసరమైననాడు చూసుకోవచ్చు.

ఈ పనంతా చదువులో లెక్కకు రావాలంటే కళాశాలను కలుపుకుపోవాలి. మన రాష్ట్రంలో డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ భాగంగా ఉన్నాయి. మొదటిదానికి జాలారిపేట వంటి మత్స్యకార వాడను ఎంచుకోమని మీ మేడంగారిని అడగండి. రెండోదానికి విశాఖలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవ వనరుల విభాగం ఉన్నాయి. ఇన్ని ఒకే నగరంలో ఉండడం దేశంలో చాలా తక్కువ చోట్ల చూస్తాం. అందరూ రాసే దరఖాస్తులో "నాకు సముద్రమంటే ఆసక్తి" అని ఉంటుంది. మీరు మాత్రం ఆరు నెలల లెక్కల పట్టికను, దాని కింద మీకు అర్థం కాని ఒక ప్రశ్నను జతచేసి పంపండి. నా విద్యార్థుల్లో అలా పంపినవారికి తలుపు తెరుచుకోవడం చూశాను. సెలవుల్లో వీలైతే కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యానికి ఒక్కసారి వెళ్లిరండి. మడ, తిల్ల, ఉప్పు పొన్న చెట్ల మధ్య చెక్కల వంతెన మీద నడుస్తూ, పాటు వేళ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసమూలాలను, బురద మీద గెంతే మడ్‌స్కిప్పర్ చేపలను చూస్తే, మీ రాతి ఒడ్డు ఎంత భిన్నమైనదో తెలుస్తుంది.

మీ నాన్నగారి భయం అసమంజసం కాదు, దాన్ని తేలిగ్గా కొట్టేయవద్దు. సముద్ర జీవశాస్త్రవేత్త అన్న పేరుతో ఉద్యోగాలు తక్కువే, బీఎస్సీతో దాదాపు లేవు. ఎమ్మెస్సీ తప్పదు, ఆంధ్ర విశ్వవిద్యాలయంతో పాటు, తమిళనాడులో పరంగిపేట్టైలోని అన్నామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రం, కొచ్చి విశ్వవిద్యాలయం ఈ చదువుకు పేరున్నవి. ఆ తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, దాని ద్వారా వచ్చే జేఆర్‌ఎఫ్ పరిశోధన భృతితో పరిశోధన ఒక దారి. అది కుదరకపోయినా విశాఖ, భీమిలి నుంచి కాకినాడ దాకా రొయ్య పిల్లల హేచరీలున్నాయి, నీటి నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలున్నాయి, పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే సంస్థలున్నాయి, ఉపాధ్యాయ వృత్తి ఉంది. నమూనా తీసి, గుర్తుపట్టి, లెక్కగట్టి, నివేదిక రాయగలిగినవారు ఈ చోట్లన్నిటా కావాలి. నాన్నగారితో ఉద్యోగాల గురించి వాదించే బదులు, ఈసారి ఆయన విశాఖ వచ్చినప్పుడు పాటు వేళ చూసి మీ ఒడ్డుకు తీసుకెళ్లండి. చట్రాన్ని ఆయన చేతికిచ్చి, మీరు చెబుతుంటే గళ్లు లెక్కపెట్టమనండి. సేద్యం తెలిసిన ఇంటివారైతే, ఎకరానికి ఎన్ని మొక్కలున్నాయో నాలుగు చోట్ల మళ్లు చూసి అంచనా కట్టే పద్ధతే ఇది అని ఆయనే మీకు చెబుతారు.

మూడు నెలల లెక్కలు పోగయ్యాక నాకు మళ్లీ రాయండి. నత్తల పట్టీ పై అంచు తాడు మీద ఎన్నో ముడి దగ్గర మొదలైందో, అది నెలనెలా జరిగిందో లేదో అందులో రాయండి. కాగితం మీద పెన్సిలుతోనే రాయాలన్నది మరిచిపోవద్దు, సముద్రపు తడికి పెన్ను సిరా నిలవదు.